చర్చ: ఆడిటర్ గారు ఉండగా యూనిట్‌లో లెక్కల గుమాస్తా ఎందుకు?

చీమకుర్తి భాగస్వామి: ముగ్గురం కలిసి గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాము. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు వేసే గుమాస్తా మా దగ్గరే ఉన్నారు. రిటర్నులు, ట్యాక్స్ ఆడిట్ ఒంగోలులోని ఆడిటర్ గారి కార్యాలయం చూస్తుంది. గుమాస్తాను మాన్పించి, బిల్లులన్నీ నెలాఖరున ఆ కార్యాలయానికే పంపితే జీతం మిగులుతుందని, పైగా లెక్కలు పెద్ద చదువులు చదివినవారి చేతిలో ఉంటాయని మా భాగస్వాముల్లో ఒకరు పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు గానీ, ఎందుకు వద్దో ఆయనకు గట్టిగా చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నెల్లూరు రైసుమిల్లు యజమాని: మీ భాగస్వామి మాటే సబబు. మా మిల్లులో గుమాస్తా లేరు. ధాన్యం కొన్న చీటీలను మా అబ్బాయి ఫోటో తీసి పంపుతాడు, ఆడిటర్ గారి మనుషులు ఎక్కించుకుంటారు. ఒకే బిల్లును రెండు చోట్ల చూసుకోవడం దండగ.

ఒంగోలు సీఏ: నా కార్యాలయానికి రాబడి తెచ్చే ప్రతిపాదనకు నేనే అడ్డు చెప్పవలసి వస్తోంది. ఆడిటర్ పని మరొకరు రాసిన లెక్కను పరీక్షించడం. తానే రాసి, తానే సరిచూసి, తానే సంతకం పెడితే ఆ సంతకాన్ని బ్యాంకు ఎందుకు నమ్మాలి? అందుకే స్టాట్యుటరీ ఆడిటర్ (చట్టం ప్రకారం కంపెనీ లెక్కలను తనిఖీ చేసేవారు) అదే కంపెనీకి పద్దులు రాయకూడదని 2013 కంపెనీల చట్టం 144వ సెక్షన్ నిషేధించింది. మీది భాగస్వామ్య సంస్థ కనుక ఆ సెక్షన్ వర్తించదు గానీ, దాని వెనుక ఉన్న కారణం మీకూ వర్తిస్తుంది.

రైసుమిల్లు వారి పద్ధతి గ్రానైటుకు పనికిరాదు. ఆయన ధాన్యం కొనేది రైతు దగ్గర. అక్కడ జీఎస్టీ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం మీది పన్నులో తగ్గించుకునే ప్రశ్నే లేదు. మీరు పన్ను కట్టి క్వారీ నుంచి రాతి బ్లాకు కొంటారు. ఆ బిల్లును క్వారీవారు తమ రిటర్నులో చూపకపోతే, 14వ తేదీన వచ్చే క్రెడిట్ల జాబితా అయిన జీఎస్‌టీఆర్-2బిలో అది కనబడదు, ఆ క్రెడిట్ మీకు దక్కదు. గుమాస్తా మీ దగ్గర ఉంటే ఆ రోజే క్వారీ మేనేజరుకు ఫోన్ చేసి, బిల్లు ఎక్కేదాకా మిగతా డబ్బు ఆపమని మీకు చెబుతారు. 20వ తేదీ రిటర్ను గడువు హడావుడిలో ఉన్న మా కార్యాలయానికి అది జాబితాలో ఒక వరుస మాత్రమే. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఆ క్రెడిట్‌పై ఆశ వదులుకోవలసిందే. అలాగే ఒకరికి ఒకే రోజు రూ. 10,000కు మించి నగదు ఇస్తే, లారీ కిరాయి అయితే రూ. 35,000కు మించితే, ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని సాధారణంగా ఖర్చుగా ఒప్పుకోరు. ఈ మాట డబ్బు ఇచ్చే ముందు చెప్పే మనిషి కావాలి గానీ, మార్చి దాటాక మేము చెప్పి ప్రయోజనం లేదు.

కావలి జీఎస్టీ ప్రాక్టీషనర్: రిటర్ను మేము దాఖలు చేసినా, అందులోని వివరాలు సరైనవేనన్న బాధ్యత వ్యాపారిదేనని జీఎస్టీ చట్టం 48వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జీతమే భారమైతే, రెండు మూడు సంస్థలకు కలిపి పనిచేసే పార్ట్‌టైమ్ అకౌంటెంటును పెట్టుకోవచ్చు.

కాస్ట్ అకౌంటెంట్: ఏ బ్లాకు మీద ఎంత మిగిలిందో మాత్రం పన్నుల కోసం రాసే పద్దులు చెప్పలేవు. టాలీలో కరెంటు బిల్లు ఒక పద్దు, బ్లేడ్లు మరో పద్దు, అంతే. 20 మిల్లీమీటర్ల పలకలు కోసేటప్పుడు ప్రతి కోతకూ బ్లేడు మందం మేర రాయి బురదై పోతుంది. చవకగా వచ్చిందని కొన్న బ్లాకులో పగులు బయటపడితే పలకలు సగంలో విరుగుతాయి. బ్లాకు నంబరు వారీగా ఎన్ని ఘనమీటర్లు లోపలికి వెళ్లాయో, అమ్మకానికి పనికొచ్చే పలక ఎన్ని చదరపు అడుగులు బయటికి వచ్చిందో రాస్తే తప్ప అసలు ఖర్చు తేలదు. కాస్ట్ రికార్డులు, అంటే తయారీ ఖర్చుల లెక్కలు, రాయాలన్న నిబంధన నిర్దేశిత రంగాల్లో టర్నోవరు రూ. 35 కోట్లకు తక్కువ కాని కంపెనీలకే కనుక మీకు నిర్బంధం లేదు. ఒకసారి మావంటి వారితో రిజిస్టరు నమూనా వేయించుకుంటే, రోజూ నింపవలసింది మళ్లీ మీ గుమాస్తాయే.

నెల్లూరు రైసుమిల్లు యజమాని: క్రెడిట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక్క యూనిట్‌కు ఇంతమంది లెక్కల మనుషులైతే రాయి కోసేదెవరండి?

చీమకుర్తి భాగస్వామి: అందరికీ కృతజ్ఞతలు. వచ్చే 14వ తేదీన గుమాస్తా పక్కన కూర్చుని 2బిని, కొనుగోలు బిల్లులను స్వయంగా సరిచూడమని మా భాగస్వామిని కోరాను, ఆయన సరేనన్నారు. జీతం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుంటాము. బ్లాకు రిజిస్టరు మాత్రం సోమవారం నుంచే మొదలు పెడుతున్నాము.