అప్‌డేట్: పెదనాన్నగారి ఇత్తడి బుడ్డి

సైన్యం పక్కనపెట్టిన పాత తుపాకులను సేకరించాలని మా పెదనాన్నగారికి అంత ఆరాటం ఎందుకని, అసలు అది చట్టం ఒప్పుకునే పనేనా అని లోగడ అడిగాను. మొన్న చిత్తూరు వెళ్లి ఆయననే అడిగితే, బదులు చెప్పకుండా బీరువాలోంచి ఒక ఇత్తడి నూనెబుడ్డి తీసి నా అరచేతిలో పెట్టారు. మరమూత తిప్పగా, దానికే అతికి ఉన్న సన్నని చెంచాలాంటి పుల్ల బయటికి వచ్చింది. బ్రిటిష్ కాలపు సైనిక తుపాకీ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు మడమలో, అంటే భుజానికి ఆనించే కొయ్య భాగంలో ఉండే అరలో, తుపాకీకి నూనె వేసేందుకు సిపాయి దాచుకునే బుడ్డి అది. ఎన్ని చేతులు మారిందో తెలియని ఆ అరుగుదలే తనను లాగుతుందని, కొత్త తుపాకీ ఊరికే ఇచ్చినా వద్దని అన్నారు.

ఇక చట్టానికి వస్తే, 2019 సవరణతో లైసెన్సుదారుకు సాధారణ పరిమితి మూడు ఆయుధాల నుంచి రెండుకు తగ్గింది; పైగా లీ ఎన్‌ఫీల్డ్ వాడే .303 (అంగుళాల్లో గొట్టం కొలత) సైనిక తూటా గనుక దానికి పౌరులకు సాధారణంగా అనుమతి ఉండదు; వారి కోసం పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ తుపాకుల కర్మాగారం .315 రైఫిళ్లు తయారుచేస్తోంది. అందువల్ల ఆయన సేకరణ ఈ బుడ్డి దగ్గరే ఆగింది. పెద్దమ్మకు మాత్రం అదే ఊరట.