ఫుజికో ముఠా మనిషా, ముఠాని ముంచే మనిషా?

పసుపు ఫియట్:
లూపిన్ ది థర్డ్ చూసేవాళ్ళకి ఒక ప్రశ్న. చూడనివాళ్ళకి ముందుగా రెండు ముక్కలు. మంకీ పంచ్ అనే కలంపేరుతో ఒకాయన 1967లో జపాన్‌లో మొదలుపెట్టిన కామిక్ ఇది. ఫ్రెంచి కథల్లో గజదొంగ ఆర్సెన్ లూపిన్ ఉన్నాడే, ఆయన మనవడు హీరో. గురి తప్పని జిగెన్, కత్తి పట్టిన గోయెమోన్ అతని మనుషులు. అందరి వెనకాలా పరిగెత్తే ఇన్‌స్పెక్టర్ జెనిగాటా. మధ్యలో ఫుజికో మినే. అందగత్తె, తెలివైనది, ఎవరి మాటా వినదు. కలిసి దోచిన సొత్తు తనొక్కతే పట్టుకుపోతుంది. లూపిన్ ఇకిలిస్తూ మళ్ళీ ఆమె వెంటే పడతాడు.

1979లో మియజాకి తీసిన లూపిన్ సినిమా, క్యాగ్లియోస్ట్రో కోట, మళ్ళీ చూశాం. అప్పట్నుంచి మా తమ్ముడికీ నాకూ గొడవ. ఆమె ముఠాలో మనిషే అని నేను. అవసరానికి వచ్చే చుట్టం అని వాడు. మీరేమంటారు?

జిగెన్ టోపీ:
మీ తమ్ముడిదే రైటు. ఆ సినిమా చివర చూడండి. ఆ కోట కౌంటు బలవంతంగా పెళ్ళాడబోయిన రాకుమారి క్లారిస్ ‘నేనూ నీతో వస్తాను, దొంగతనం నేర్చుకుంటాను’ అంటే లూపిన్ వద్దని, నుదుటి మీద ముద్దు పెట్టి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పాత ఫియట్ 500లో వెళ్ళిపోతాడు. కోటలో దాగిన నిధి ఏంటయ్యా అంటే, నీళ్ళ కింద మునిగిన రోమన్ల నగరం. జేబులో వేసుకునేది కాదు. అప్పుడు పక్కనుంచి ఫుజికో బండి మీద వచ్చి, కౌంటు దొంగనోట్లు అచ్చేసే ప్లేట్లు చూపించి, నవ్వి, తుర్రుమంటుంది. ముఠా మనిషైతే ఆ ప్లేట్లు ఎవరివి? నలుగురివీ.

కాకినాడ కాజా:
టోపీ గారూ, ఆ ప్లేట్లకి ముందు పది నిమిషాలు మీరు టీ పెట్టుకోడానికి లేచారా? పెళ్ళిలో టీవీ రిపోర్టర్‌గా చేరింది ఎవరు? కెమెరా పట్టుకుని జెనిగాటా వెంట నేలమాళిగలోకి వెళ్ళి, దొంగనోట్ల కార్ఖానాని ప్రపంచమంతటికీ లైవ్‌లో చూపించింది ఎవరు? అంతకు ముందు ఇంటర్‌పోల్ మీటింగులో పెద్ద దేశాలన్నీ ఒకరి మీద ఒకరు అరుచుకుని, రాజకీయం అడ్డొచ్చి, కేసు మూసేశాయి. జెనిగాటా ఒక్కడే వెళ్ళి రిపోర్టు ఇస్తే ఆ కాగితం ఏ బీరువాలో ఉండేదో! ఫుజికో కెమెరా లేకపోతే ఆ కౌంటు గారు చచ్చాక కూడా గౌరవంగానే ఉండేవాడు.

జిగెన్ టోపీ:
కెమెరా సంగతి సరే. ప్లేట్లు?

కాకినాడ కాజా:
కూలీ అనుకోండి.

జిగెన్ టోపీ:
కూలీ ఎవరు నిర్ణయించారు? తనే. అదే నేననేది.

రిటైర్డ్ క్యాషియర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ప్లేట్లు ఒక్కటే ఉంటే నోటు రాదు. నోటు కాగితం పత్తి గుజ్జుతో తయారవుతుంది. దాని తూకం వేరు, శబ్దం వేరు. మన దేశంలోనే చూడండి, కాగితం హోషంగాబాద్ (ఇప్పుడు నర్మదాపురం), మైసూరు మిల్లుల్లో, సిరా దేవాస్, మైసూరుల్లో, అచ్చు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనీలో. ముప్ఫై ఏళ్ళు నోట్లు లెక్కపెట్టినవాడిగా చెబుతున్నాను, ఆ ప్లేట్లు ఆమెకి గోడకి తగిలించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

జిగెన్ టోపీ:
పనికొస్తాయా రావా అన్నది కాదు సార్, చెప్పకుండా తీసుకుందా లేదా అన్నది.

పాత బైండు పుస్తకం:
మీరిద్దరూ ఏ ఫుజికో గురించి కొట్టుకుంటున్నారో ముందు తేల్చుకోండి. మంగాలో, అంటే ఆ జపాన్ కామిక్‌లో, మొదట్లో ఫుజికో ఒక మనిషి కానే కాదు. జేమ్స్ బాండ్ కథల్లోలాగా ప్రతిసారీ కొత్త అమ్మాయిని పెట్టాలని మంకీ పంచ్ గారి ఉద్దేశం. వారం వారం కొత్త పేరు, కొత్త మొహం అంటే అలవి కాక ఒకే పేరు ఉంచేశారు. అందుకే ఆ పాత కథల్లో ఒక అధ్యాయానికీ ఇంకో అధ్యాయానికీ ఆమె పొంతన కుదరదు. 1971 టీవీ సిరీస్ 23 ఎపిసోడ్లే. చూసేవాళ్ళు లేక దర్శకుడు ఒసుమి మధ్యలో తప్పుకుంటే మియజాకి, తకాహాతా వచ్చారు. వాళ్ళు వచ్చాక మొత్తం సిరీస్ మెత్తబడింది, ఆమెతో సహా. గొంతు కూడా ఒకటి కాదు. మొదట నికైడో, 1977 నుంచి 2010 దాకా దాదాపు అంతా మసుయామా ఎయికో, 2011 నుంచి సవాషిరో. మసుయామా గొంతులో ఆ గారాబం, ఆ లెక్కలేనితనం మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. మసుయామా గారు 2024లో పోయారు.

మియజాకి ఫుజికో మాత్రం చాలా మర్యాదస్తురాలు. పట్టు గౌన్లు కాదు, ఆకుపచ్చ మిలటరీ బట్టలు. దాని ఆధారంగా ఆమెని తూచకండి.

జిగెన్ టోపీ:
సరే, అది వదిలేద్దాం. 1978 సినిమాకి రండి, మామో అనే విలన్ కథ. ఫుజికో అడిగిందని లూపిన్ పిరమిడ్ లోపలికి పోయి పరుసవేది రాయి తెస్తాడు. దానివల్ల ముఠా మీద దాడి, స్థావరం నాశనం. జిగెన్, గోయెమోన్ చచ్చీ చెడీ బయటపడతారు. ఇక ఆమెని దగ్గరికి రానివ్వనని లూపిన్ మాటిస్తాడు. ఆమె దెబ్బలు తగిలించుకుని గుమ్మంలోకి వస్తుంది. ఏం చేశాడు? లోపలికి తీసుకున్నాడు. ఆ ఇద్దరూ విసిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆమె అతనికి మత్తుమందు పెట్టి మామోకి అప్పజెప్పింది. ఇంకేం కావాలండీ సాక్ష్యం?

కాకినాడ కాజా:
అదే సినిమాలో మామో ఆమెకి చావులేని యవ్వనం ఇస్తానంటే, లూపిన్‌కి కూడా ఇవ్వమని అడిగింది. అది ఎందుకు వదిలేశారు?

జిగెన్ టోపీ:
ఒకరిని ముంచి, ఆ మునిగినవాడికే అమరత్వం సిఫార్సు చేయడం ఏం గొప్ప! జిగెన్‌కి అడిగిందా?

రాత్రి షిఫ్టు:
నవ్వలేక చస్తున్నా 😂 జిగెన్‌కి అమరత్వం ఇస్తే సిగరెట్ల ఖర్చు ఎవరు పెడతారు?

గోదారి గట్టు:
ఫుజికో అంటే నాకు మధురవాణే గుర్తొస్తుంది. సొంత లాభం చూసుకుంటుంది, మగాళ్ళందర్నీ ఆడిస్తుంది, అయినా మనసులో మంచిది.

కాకినాడ కాజా:
గట్టు గారూ, మధురవాణి చివరికి సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళుతుంది, భగవద్గీత చేతికొస్తుంది. ఫుజికోకి ఏ పంతులూ లేడు, ఎవరూ బాగుచెయ్యరు. ‘మనసులో మంచిది’ అన్న సర్టిఫికెట్టు ఆమె ఎప్పుడూ అడగలేదు. నాకు నచ్చేదే అది.

జిగెన్ టోపీ:
ఒక్క సిరీస్‌లో మాత్రం ఆమె మీద జాలి కలిగింది నాకు. 2012లో వచ్చినది, ఆమే ముఖ్యపాత్ర. దర్శకురాలు యమమోతో సయో, రచన ఒకడా మారి. చిన్నప్పుడు ఆమెని ఒక ఇంట్లో బంధించి ప్రయోగాలు చేయడం, ఆ గుడ్లగూబ తలల మనుషులు, అవన్నీ చూశాక ఈ మనిషి ఇలా ఎందుకు తయారైందో అర్థమైంది. అలాంటి కారణం ఉంటే నేనూ క్షమిస్తాను. కారణం లేకుండా దోచుకుపోతే మాత్రం అది వట్టి దురాశ.

కాకినాడ కాజా:
ఆ సిరీస్ పదమూడు ఎపిసోడ్లు. మీరు ఎన్ని చూశారు?

జిగెన్ టోపీ:
దాదాపు అన్నీ.

కాకినాడ కాజా:
ఆ ‘దాదాపు’లోనే ఉంది అంతా. చూడనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి, కథ చెప్పేస్తున్నా. ఆ చిన్ననాటి జ్ఞాపకాలు ఫుజికోవి కావు! ఐషా అనే వేరే అమ్మాయివి. వాటిని ఫుజికో బుర్రలోకి ఎక్కించారు. ఆ ఇంటితో సంబంధం రాకముందే ఆమె దొంగ. ఇష్టమై దొంగ అయింది. పదకొండు ఎపిసోడ్లు మన చేత ‘అయ్యో పాపం’ అనిపించి, చివర్లో ఆ పాపం కాస్తా లాగేసుకున్నారు. లూపిన్ ఎందుకు దొంగ అయ్యాడని ఎవరూ అడగరు, తాతగారి పేరు చాలు. మన సినిమాల్లో హీరో దొంగైతే చెల్లెలి ఆపరేషన్ అయినా ఉంటుంది, లూపిన్‌కి అదీ అక్కర్లేదు. ఆడది దొంగైతే మాత్రం చిన్నప్పటి గాయం చూపించాలి, లేకపోతే దురాశ.

జిగెన్ టోపీ:
ఆడా మగా అన్న మాట నేనెత్తలేదు, మీరే తెచ్చారు. ప్రేమని చూపించి డబ్బు గుంజేవాళ్ళని ఇంత వెనకేసుకొస్తున్నారంటే, బయట కూడా మీ లెక్కలు అలాగే ఉంటాయేమో. డబ్బు మనుషులకి డబ్బు మనుషులే నచ్చుతారు.

రాత్రి షిఫ్టు:
అబ్బా, అది అనకుండా ఉండాల్సింది.

కాకినాడ కాజా:
డబ్బు మనిషి. బాగా అలవాటైన మాటే లెండి.

మా నాన్న పోయాక ఇంట్లో నా వాటా అడిగాను. దొంగతనం చెయ్యలేదు, అడిగాను. పిత్రార్జితంలో కూతుళ్ళకి కొడుకులతో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే చట్టం, దేశమంతా 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అయినా సంవత్సరీకం భోజనాల దగ్గర మా పెద్దమ్మ అందరి ముందూ అదే మాట అంది. అదే ఇంటిని మా అన్న తాకట్టు పెట్టి వ్యాపారం మొదలుపెడితే ‘వాడికి చొరవ ఎక్కువ’ అంది, అదే నోటితో. నేను ఏడిస్తే ఇచ్చేవాళ్ళేమో. ఏడవకుండా కాగితాలు పట్టుకుని వెళ్ళా, అదీ నా తప్పు. కాబట్టి ఏ బాధా చూపించకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, తనకి కావలసింది తీసుకుని బండెక్కే ఆడమనిషిని తెర మీద చూస్తే నాకు ఊపిరి ఆడుతుంది. మీకు ఆడకపోతే నేనేం చెయ్యను!

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. టోపీ గారూ, ఆ ఆఖరి వాక్యం తీసేస్తే బాగుంటుంది. ఇంకోసారైతే చర్చకి తాళం వేస్తాం.

జిగెన్ టోపీ:
వాక్యం ఉంటుంది, తాళం వేసుకోండి. కానీ మీ వాటా గురించి నేనేమీ అనడం లేదు మేడమ్, అది మీదే. నేను చెప్పేది అడగకుండా తీసుకున్నవాళ్ళ గురించి.

మేం ముగ్గురు స్నేహితులం ఒక ఫ్లెక్సీల షాపు పెట్టాం. ఒకడు మాటకారి. వాడు వస్తే కస్టమర్లు నవ్వుతారు, వాడు అడిగితే అప్పులవాడు కూడా గడువు ఇస్తాడు. గల్లాలోంచి తీసేవాడు. మొదటిసారి తెలిసినప్పుడు రెండోవాడు ‘పోనీలేరా, మనోడే కదా’ అన్నాడు. ప్రతిసారీ అదే. నేను అరిస్తే నాకు మనసు ఇరుకని పేరు. చివరికి షాపు పోయింది. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కలిసి తిరుగుతారు, నేను ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తరు. తీసినవాడి మీద కోపం ఎప్పుడో చల్లారింది. పోనీలేరా అన్నవాడి మీద మాత్రం ఆరలేదు. వాడు క్షమించింది నా డబ్బుతో.

మామో సినిమాలో అందరూ లూపిన్ మొహం చూస్తారు. నేను ఆ గుమ్మంలోంచి వెళ్ళిపోతున్న జిగెన్ వీపు చూస్తాను.

మెదక్ పోరడు:
ఏందన్నా, గంటసేపటి నుంచి ఫుజికోను తిడ్తున్నవ్. నీ పంచాయితీ లూపిన్‌తోని గదా!

జిగెన్ టోపీ:
ఇద్దరితోనూ. తలుపు తీసేవాడు ఉన్నాడని తెలిసే కదా ఆమె వచ్చేది.

కాకినాడ కాజా:
ఇప్పుడు మాట్లాడదగిన మాట అన్నారు. ఒప్పుకోను గానీ మాట్లాడదాం. లూపిన్ తన వాటాతో పాటు జిగెన్ వాటా కూడా దానం చేస్తున్నాడన్నది నిజమే. కానీ జిగెన్ పసిపిల్లాడు కాదు. విసుక్కుంటాడు, వెళ్ళిపోతాడు, వారం తిరక్కుండా వచ్చి అదే కారులో ముందు సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. అతనికి డబ్బు ముఖ్యమైతే ఎప్పుడో సొంతంగా బతికేవాడు. గోయెమోన్ అయితే 1971 టీవీ సిరీస్‌లో మొదట కనిపించిందే ఫుజికో ప్రియుడిగా, ఆమె చేతిలో మోసపోయి మరీ ఈ గుంపులో చేరాడు. ఈ నలుగురిలో ‘నాకు సొత్తు కావాలి’ అని నోరు విప్పి చెప్పేది ఆమె ఒక్కతే. మిగతా ముగ్గురికీ కావలసింది ఆట. ఆట కోసం వచ్చినవాళ్ళ దగ్గర సొత్తు తీసుకుపోతే వాళ్ళకి పోయిందేమిటి?

జిగెన్ టోపీ:
జిగెన్‌కి సొత్తు అక్కర్లేదని మీరు తేల్చేశారు. మా వాళ్ళూ అదే అన్నారు: ‘నీకు డబ్బు మీద అంత ఆశ లేదుగా, నీకెందుకురా’ అని. నన్ను ఒక్కడూ అడగలేదు. జిగెన్‌ని ఎవరైనా అడిగిన ఎపిసోడ్ ఉంటే చెప్పండి.

కాకినాడ కాజా:
జిగెన్ నోరు విప్పి అడిగిన ఎపిసోడ్ ఉంటే మీరు చెప్పండి. అడిగితే ఇరుకు మనసు అంటారనేగా భయం? ఆ మాట పడటానికి సిద్ధపడ్డవాళ్ళకే ఏదైనా దొరుకుతుంది. నేను పడ్డాను. ఆమె రోజూ పడుతుంది.

జిగెన్ టోపీ:
అంటే పడలేనివాళ్ళ వాటా తీసుకోవచ్చన్నమాట. ఇక్కడే మీకూ నాకూ కుదరదు.

కాకినాడ కాజా:
కుదరదు.

పసుపు ఫియట్:
మా తమ్ముడు ఇదంతా చదివి, తను టోపీ గారి పక్షం కాదట, అసలు అలా అననే లేదట. వీడితో వేగలేను.

రిటైర్డ్ క్యాషియర్:
మా మనవరాలు ఇవి చూస్తానంటోంది. పదహారేళ్ళు. దేంతో మొదలుపెట్టమంటారు?

పాత బైండు పుస్తకం:
1971 సిరీస్, మొదటి నుంచి. 2012 సిరీస్ పెద్దవాళ్ళకి తీసింది, పాపకి ఇప్పుడే వద్దు.

జిగెన్ టోపీ:
మామో. కానీ మీరు కూడా పక్కన కూర్చోండి సార్. జిగెన్‌ని గమనించమని చెప్పండి.

కాకినాడ కాజా:
క్యాగ్లియోస్ట్రో కోట. టోపీ గారికి మాత్రం 2012 సిరీస్, పదమూడూ, మధ్యలో లేవకుండా.