పోర్టబుల్ ఎంఆర్ఐ కంపెనీ షేర్ మీద ఇంత ఊపు ఎందుకు, కొనొచ్చా?

దేవరకొండ_బత్తాయి: అన్నలూ, హైపర్‌ఫైన్ అని అమెరికా కంపెనీ షేర్ గురించి మా దోస్తుల గ్రూపుల ఒకటే లొల్లి. వాళ్ల మిషన్ పేరు స్వూప్ అంట, మంచం పక్కకు నెట్టుకపోయి మామూలు ప్లగ్గుకు పెట్టి తలకు ఎంఆర్ఐ తీస్తరంట, కొత్త మోడల్‌తోని సీటీ స్కాన్లు మూలకు పడతయ్, షేర్ డబుల్ గ్యారంటీ అంటున్నరు. తోట పైసలు బ్యాంకుల ఉన్నయ్, కొంత పెడదామని మనసైతుంది. తెల్సినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_టెక్నీషియన్: తమ్మీ నేను ఎంఆర్ఐ మీదనే పనిచేస్త. మా మిషన్ అయస్కాంతం బలం 1.5 టెస్లా (టెస్లా అంటే ఆ బలం కొలిచే లెక్క), చుట్టూ రాగి రేకు కొట్టిన రూము, తలుపు దాటి ఇనుము రానియ్యం. స్వూప్ 0.064 టెస్లానే, అందుకే రూము అక్కర్లేదు, అందుకే బొమ్మ కూడా మా దానంత సాఫ్ రాదు. వెంటిలేటర్ మీదున్న పేషెంటును మా రూముకు తేవాలంటే సిలిండర్ మార్చి, మానిటర్ వైర్లు ఊడదీసి, నలుగురు పట్టుకొని రావాలె, దారిల ఏమైతదో అని అందరికీ భయమే. ఐసీయూల ఇట్లాంటిది ఉంటే ప్రాణం లేచొస్తది, నిజంగ కావాలె. కానీ పక్షవాతం కేసు వస్తే రక్తం కారిందా లేదా చూడనీకి ముందుగాల సీటీనే తీస్తరు, నిమిషాల్ల అయిపోతది. సీటీ మూలకు పడదు.

సూర్యాపేట_మార్కెట్: మిషన్ మంచిదైతే షేర్ మంచిదని కాదు. స్వూప్‌కు ఎఫ్‌డీఏ (అమెరికాల మందులు, వైద్య మిషన్లు చూసే సర్కారు సంస్థ) క్లియరెన్స్ 2020లనే వచ్చింది, 2021 డిసెంబర్ల కంపెనీ నాస్‌డాక్ అనే అమెరికా షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు ఒక్క షేర్ లెక్క 10 డాలర్లు, తర్వాత ఒక్క డాలర్ కిందికి కూడా పోయింది. ఇజ్రాయెల్ కంపెనీ నానాక్స్ చూడు, కొత్త రకం ఎక్స్‌రే అని 2020 ఆగస్టుల 18 డాలర్లకు ఐపీఓ (షేర్లు మొదటిసారి జనాలకు అమ్ముడు), 2021 మొదట్ల 80 దాటింది, అప్పటికి అమ్మకాలే లేవు, తర్వాత ఐపీఓ ధర కన్నా శానా కిందికి పడ్డది. క్లియరెన్స్ అంటే అమ్ముకోనీకి పర్మిషన్, దవాఖానలు కొన్నట్టు కాదు. లాభం రాకముందు ఖర్చుకు మళ్లా కొత్త షేర్లు అమ్ముతరు, మన వాటా పలచబడతది.

దేవరకొండ_బత్తాయి: అయితే ఏం చూడాలె అన్నా?

సూర్యాపేట_మార్కెట్: క్వార్టర్ల ఎన్ని మిషన్లు అమ్మిన్రు, చేతిల క్యాష్ ఎంత, మూడు నెలలకు ఎంత కరుగుతుంది. కంపెనీ సైట్ల ఇన్వెస్టర్ల పేజీల 10-క్యూ అని మూడు నెలల లెక్కల రిపోర్టు ఉంటది, నాలుగు క్వార్టర్లయి పక్కపక్కన పెట్టుకొని చూడు. తోటకు మందులు, డ్రిప్పు ఖర్చు పక్కకు తీసినంక మిగిలినదాంట్ల, పోయినా నిద్ర పట్టేంతనే పెట్టు.