కండె తంతువులా, కదురు పోగులా?

సుభాషిణి: క్యాన్సర్ మందుల మీద రోగుల కోసం తెలుగులో ఒక కరపత్రం తయారవుతోంది. కణవిభజన బొమ్మలో స్పిండిల్ (క్రోమోసోమ్‌లను, అంటే డీఎన్‌ఏ కట్టలను, రెండు వైపులా లాగే పోగుల అమరిక) అన్నచోట బడి పుస్తకాల్లోని "కండె తంతువులు" పెట్టాను. సరిచూసినవారు "స్పిండిల్ అంటే కదురు కదా, కండె అంటారేమిటి?" అని గీత కొట్టారు. పెద్దలు తేల్చాలి. దాంతోపాటు ఇంకొకటి: విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ అనే రెండు క్యాన్సర్ మందులకీ కలిపి "ఇవి కండెను నాశనం చేస్తాయి" అని ఒకే వాక్యం ఉంది. చెల్లుతుందా?

వేంకటరత్నం: కదురు అంటే రాట్నానికి బిగించే ఇనుప పుల్ల. నూలు దాని మీద చుట్టుకుంటుంది. కండె అంటే చుట్టిన నూలు. మగ్గం దగ్గరైతే నాడెలో పెట్టే పేక నూలుది కండె. జొన్న కండె, మొక్కజొన్న కండె అన్నప్పుడూ అదే ఆకారం: నడుమ లావు, కొసలు సన్నం. నిఘంటువు పట్టుకుని చూస్తే స్పిండిల్‌కి కదురే సరి. మరి కణంలో ఉన్నది పుల్లా, నూలా? అది జీవశాస్త్రం వాళ్ళు చెప్పాలి.

యాదగిరి: మా దిక్కు మక్క కంకి అంటరు. కండె అంటే నేతపనిదే యాదికొస్తది. ఆ లెక్కన రోగులకు కూడా అర్థమైతది.

నస్రీన్: పుల్ల లేదు రత్నం గారూ, అంతా నూలే. అందుకే పాఠ్యపుస్తకం రాసినవాళ్ళు కండె అనడం నాకు నచ్చింది. ఆ పోగు ఒక్కొక్కటీ సూక్ష్మనాళిక. ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ జంటలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఒక వరస. అలాంటి వరసలు మామూలుగా 13 పక్కపక్కన అతుక్కుంటే సుమారు 25 నానోమీటర్ల లావు గొట్టం. కొసన జంటలు చేరుతూనే ఉంటాయి, ఊడిపోతూనే ఉంటాయి. విభజన సమయంలో చాలా పోగుల ఆయుష్షు నిమిషం లోపే. కట్టడం, విప్పడం రెండూ నడిస్తేనే పని జరుగుతుంది. క్రోమోసోమ్‌ను వెతికి పట్టుకోవడానికి పోగు పెరగాలి, లాగడానికి తరగాలి.

ఇక్కడే సుభాషిణి గారి రెండో ప్రశ్నకు జవాబుంది. విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్‌ను పట్టుకుని పోగు కట్టనివ్వదు. పాక్లిటాక్సెల్ దానికి ఎదురు: కట్టిన పోగును విడిపోనివ్వదు. అమెరికా శాస్త్రవేత్త సూసన్ హార్విట్జ్ బృందం 1979లో ఈ సంగతి చూపించేదాకా విభజనను ఆపే మందులంటే పోగులను విప్పేసేవే అనుకునేవారు. కాబట్టి "నాశనం చేస్తాయి" అన్న మాట పాక్లిటాక్సెల్‌కి అస్సలు కుదరదు. "ఒకటి కండెను కట్టనివ్వదు, రెండోది విప్పనివ్వదు" అని రాయండి.

సుభాషిణి: కట్టనివ్వదు, విప్పనివ్వదు. బాగుంది, ఇదే తీసుకుంటాను. కానీ పోగులు గట్టిపడితే కణం ఎందుకు చావాలి?

నస్రీన్: గట్టిపడినందుకే చావదు. అక్కడ ఒక కాపలా (చెక్‌పాయింట్) ఉంది. మనిషి కణంలో 46 క్రోమోసోమ్‌లు విభజనకు ముందు నకళ్ళు తీసుకుని జంటలుగా ఉంటాయి. ఒక్కో జంటకు ఇటొకటి అటొకటి పోగు తగులుకునే చోట్లు, కైనెటోకోర్‌లు, మొత్తం 92. వీటిలో ఒక్కదానికి పోగు తగలకపోయినా అది "ఆగు" సంకేతం పంపుతూనే ఉంటుంది. మ్యాడ్2, బబ్‌ఆర్1 మొదలైన ప్రొటీన్లు సీడీసీ20 అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టి ఉంచుతాయి. సీడీసీ20 లేనిదే ఏపీసీ అనే యంత్రం నడవదు. ఏపీసీ నడిచినప్పుడు రెండు పనులవుతాయి: సెక్యూరిన్ అనే ప్రొటీన్ నశించి జంటలను కలిపి ఉంచిన కట్టు తెగుతుంది, సైక్లిన్ బి అనే ప్రొటీన్ నశించి కణం విభజన దశ నుంచి బయటపడుతుంది.

1995లో పొటోరూ అనే జంతువు మూత్రపిండ కణాల మీద చేసిన ప్రయోగం చూడండి. పోగు తగలని ఆఖరి కైనెటోకోర్‌ను లేజర్‌తో కాల్చేశారు. పోగు అందకపోయినా, ఆగమని చెప్పేది పోయింది కాబట్టి కాసేపటికే క్రోమోసోమ్‌లు విడిపోవడం మొదలైంది. అంటే కణం "అన్నీ సరే" అన్న కబురు కోసం చూడదు, "ఆగు" అనడం మానే క్షణం కోసం చూస్తుంది.

మందు మోతాదు ఎక్కువైతే ఈ కాపలా కణాన్ని గంటల తరబడి ఆపేస్తుంది. కొన్ని అక్కడే చస్తాయి. కొన్ని జారుకుంటాయి: ఆగి ఉన్నా సైక్లిన్ బి కొద్దికొద్దిగా తరిగి, విడిపోకుండానే రెట్టింపు క్రోమోసోమ్‌లతో బయటపడతాయి. రోగి కణితిలో పాక్లిటాక్సెల్ చేరే గాఢత తక్కువే. ఆ గాఢతలో కణం ఆగకుండా, కండెకు రెండు కొసలకు బదులు మూడు నాలుగు ఏర్పడి, క్రోమోసోమ్‌లు అడ్డదిడ్డంగా పంపకమవుతాయి. "విభజన ఆగి చస్తుంది" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టవద్దు.

వేంకటరత్నం: అయితే కదురు వాదన వదిలేస్తున్నాను. నడుమ పుల్ల లేనప్పుడు కండే. ఇంకో చిన్న మాట: "తంతువులు" బదులు "పోగులు" ఉంటే ఇంకా నోటికి దగ్గర.

యాదగిరి: విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరుదే కదా? కరపత్రంల ఆ మాట పెడితే జనానికి తెలుస్తది.

రాజ్యలక్ష్మి (ఫార్మసీ): దానిదే. మొక్క పుట్టుక మడగాస్కర్, మన ఇళ్ళ ముందు ఎప్పటినుంచో పూస్తోంది. మధుమేహానికి పనికొస్తుందేమోనని 1950లలో కెనడాలో నోబుల్, బీర్ పరీక్షిస్తే ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. అలా ఆ మొక్కలోని మొదటి క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ దొరికింది. అదే మొక్కలోని విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. మొక్క పేరు పెట్టండి, కానీ రెండు జాగ్రత్తలు. "గన్నేరు" అని కుదించొద్దు. గన్నేరు వేరే మొక్క, దాని విషం గుండెను దెబ్బతీస్తుంది. రెండోది, షుగరుకి ఆకు కషాయం తాగేవాళ్ళు ఉన్నారు. మందు ఆ మొక్కదని చదివి క్యాన్సర్‌కీ కాచుకుంటారు. ఆకులో మందు అతి కొద్దిగా ఉంటుంది, కొలత ఉండదు, మిగతా విషాలు వెంట వస్తాయి. ఆ వాక్యం తప్పకుండా ఉండాలి.

దుష్ఫలితాల పేరాలో "నరాల బలహీనత" అని చూశాను. ఆ మాటకి మన ఊళ్ళలో గోడల మీద ప్రకటనల అర్థం అంటుకుపోయింది. విన్‌క్రిస్టిన్‌కి అయ్యేది వేళ్ళ కొసల్లో తిమ్మిరి, మంట, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, పాదం వేలాడటం, గట్టి మలబద్ధకం. నరాల్లో సరుకు మోసేదీ ఆ సూక్ష్మనాళికలే, అందుకని. "చేతులు కాళ్ళ తిమ్మిరి, గుండీ పెట్టుకోవడం కష్టమైతే చెప్పండి" అనండి. మామూలు మోతాదు చదరపు మీటరుకు 1.4 మి.గ్రా., చాలా చికిత్సా పద్ధతుల్లో ఒకసారికి 2 మి.గ్రా. దాటరు. ఇట్రకొనజోల్ లాంటి ఫంగస్ మందు తోడైతే తిమ్మిరి ఎక్కువవుతుంది. ఇది సిరలోకే ఇవ్వాలి. వెన్నులోకి వెళ్తే ప్రాణాంతకం, అందుకే సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇమ్మంటారు. సిర బయటకి కారితే వేడి కాపడం, ఐసు కాదు.

పాక్లిటాక్సెల్‌కి వేరే పేరా పెట్టండి. మూడు వారాలకోసారి 175 మి.గ్రా. చొప్పున మూడు గంటలు, లేదా వారానికి 80 చొప్పున గంట, రెండూ చదరపు మీటరు లెక్క. అది కరిగే క్రెమోఫోర్ నూనె వల్ల ఎలర్జీ రావొచ్చు. ముందుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఎలర్జీ మందులు ఇస్తారు. "ఎక్కించేటప్పుడు మొహం ఎర్రబడినా, ఆయాసం వచ్చినా వెంటనే నర్సుని పిలవండి" అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి.

సుభాషిణి: రాజ్యలక్ష్మి గారూ, చాలా సాయం. పాల్బోసిక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుని కూడా ఇదే బొమ్మ కింద పెట్టమంటున్నారు. అదీ కండె మీదేనా?

నస్రీన్: కాదు. అది ఎన్నో గంటల ముందు మెట్టు. కణం డీఎన్‌ఏ నకలు మొదలుపెట్టే ముందు జి1 దశలో సీడీకే 4, 6 ఎంజైములు ఆర్‌బీ అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించి, దాని పట్టు నుంచి, నకలు మొదలుపెట్టించే ఈ2ఎఫ్ ప్రొటీన్‌ని వదిలిస్తాయి. ఆ ఎంజైములను పాల్బోసిక్లిబ్ అడ్డుకుంటుంది. కణితిలో ఆర్‌బీ లేకపోతే మందు దాదాపు వృథా, ఎందుకంటే పట్టి ఉంచేదే లేదు. దీనికి బొమ్మ వేరే వేయండి.

రాజ్యలక్ష్మి (ఫార్మసీ): 125 మి.గ్రా. రోజుకొకటి, 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. "నెలకి మూడు వారాలు" అని రాయకండి, 30 రోజుల నెల లెక్కేసుకుని తప్పుతారు. క్యాప్సూల్ అయితే అన్నంతో. మొదటి రెండు విడతల్లో 15వ రోజునా, ప్రతి విడత మొదట్లోనూ రక్తపరీక్ష. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) మైక్రోలీటరు రక్తంలో 1000 కన్నా తక్కువకు పడితే డాక్టరు మందు ఆపవచ్చు. గ్రేప్‌ఫ్రూట్ వద్దు. దాన్ని "ద్రాక్షపండు" అని అనువదించిన కాగితాలు తిరుగుతున్నాయి, అది పూర్తిగా తప్పు. పంపరపనస జాతి పండు అనండి, పంపరపనస కూడా మానేయడమే మంచిది. క్షయకి వాడే రిఫాంపిసిన్ ఈ మందు బలాన్ని తగ్గించేస్తుంది, అదీ చేర్చండి.

యాదగిరి: చెక్‌పాయింట్‌కి ఇక్కడ "కాపలా" అన్నరు. రోగనిరోధక చెక్‌పాయింట్ మందులని ఇంకో తీరువి ఉన్నయి గద, అవి కూడ ఇవేనా?

నస్రీన్: పేరొక్కటే. పెంబ్రోలిజుమాబ్ లాంటివి రోగనిరోధక టి కణాల మీది పీడీ-1 అనే బ్రేకుని తీసేస్తాయి, కణవిభజన కాపలాతో సంబంధం లేదు. కరపత్రంలో ఒకదానికి "విభజన కాపలా", రెండోదానికి "రోగనిరోధక బ్రేకు" అని వేరు మాటలు పెడితే చదివేవాళ్ళు కలిపేసుకోరు.

సుభాషిణి: కండె పోగులు, విభజన కాపలా, రోగనిరోధక బ్రేకు, పంపరపనస జాతి. దిద్దిన ప్రతి ఆదివారం పెడతాను, 21-7 పట్టిక రాజ్యలక్ష్మి గారు ఒకసారి చూడాలి.