కుడి మలుపులోనే ఇంజనుకు పెట్రోలు అందడం లేదు: పంపు మార్చాలా?

హోసూరురోడ్డు అడిగినది:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఉంటాను. రెండేళ్లుగా, చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలోని రేసు ట్రాక్‌లో ట్రాక్ డే (మామూలువాళ్లు కూడా తమ కార్లను ట్రాక్ మీద నడుపుకోగలిగే రోజు) ఉన్నప్పుడల్లా సొంత కారులోనే వెళ్లి వస్తున్నాను. కారు వెనుక చక్రాలతో నడిచే 2 లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్. ఇంజను శక్తి 250 హార్స్‌పవర్, ట్యాంకు 60 లీటర్లు.

పోయిన నెల మూడో సెషన్‌లో, ఒక పొడవాటి కుడి మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసరికి ఇంజను ఊపిరి బిగబట్టినట్టు ఆగి, అర సెకను తరువాత ఒక కుదుపుతో మళ్లీ అందుకుంది. మొదట నా కాలిదే పొరపాటనుకున్నాను. తరువాతి రెండు ల్యాపుల్లోనూ అదే చోట అలాగే జరగడంతో పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకు) వచ్చేశాను. ఎడమ మలుపుల్లో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. అప్పటికి పెట్రోలు ముల్లు సగానికీ పావుకీ మధ్య ఉంది. హెచ్చరిక దీపం వెలగలేదు కాని, ఇంటికి వచ్చి స్కానర్ పెడితే పీ0087 కోడ్, అంటే ఇంధన పీడనం పడిపోయిందన్న నమోదు, కనిపించింది.

నా కారు చూసే మెకానిక్ గారు గంటకు 255 లీటర్లు తోడే పెద్ద పంపు వేయిద్దామంటున్నారు. అయితే కృష్ణగిరి, వేలూరు మీదుగా వచ్చేటప్పుడు హైవేలో ఈ లోపం ఎన్నడూ కనిపించలేదు కనుక, అసలు పంపుదే తప్పా అన్న అనుమానం నాకుంది. ఎప్పుడూ ట్యాంకు నింపుకొని తిరగడమే మార్గమైతే, ఆ బరువు వల్ల ల్యాప్ సమయం దెబ్బతింటుందేమోనన్న బెంగ కూడా ఉంది. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

అంబత్తూరు లేత్:

మీ అనుమానం సరైనదే. పంపు కొనవద్దు, కనీసం ఇప్పుడే కొనవద్దు. పంపు నీరసించినా, ఫిల్టరు పూడినా, వైరింగులో వోల్టేజీ పడిపోయినా ఆ లోపం తిన్నటి రోడ్డు మీద, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర కూడా బయటపడాలి. కుడి మలుపులో మాత్రమే కనిపించి ఎడమ మలుపులో కనిపించడం లేదంటే, పెట్రోలు ట్యాంకులో ఉన్నా పంపు నోటి దగ్గర లేదని అర్థం.

వెనుక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు కారు నడుమ నుంచి పోవాలి కాబట్టి, ఇలాంటి కార్లలో ట్యాంకును గుర్రం జీనులాగా ఆ షాఫ్టుకు రెండు పక్కలా వేలాడేట్టు చేస్తారు. రెండు అరల మధ్య ఒక మిట్ట ఉంటుంది. పంపు ఒక అరలోనే ఉంటుంది, చాలా కార్లలో అది కుడి వైపుది. ఎడమ అరలోని పెట్రోలును జెట్ పంపు అనే చిన్న గొట్టం లాగి కుడి అరకు చేరవేస్తుంది. కారు 0.9 జీ బలంతో, అంటే బరువులో 0.9 వంతు బలం పక్కకు లాగుతుండగా, కుడికి తిరుగుతున్నప్పుడు పెట్రోలు పైతలం దాదాపు 42 డిగ్రీలు వాలిపోతుంది. కుడి అరలో ఉన్నది మిట్ట దాటి ఎడమకు దొర్లుతుంది, కాని కారు నిటారయ్యాక తనంతట తాను తిరిగి రాలేదు. తేవలసినది జెట్ పంపే. ఇంజను వాడుకోగా మిగిలిన ప్రవాహంతో నడిచే రకమైతే, మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన సమయంలోనే దాని బలం తగ్గుతుంది. ఇలా ప్రతి కుడి మలుపూ కొంత పెట్రోలును ఎడమ అరకు నెడుతూ పోతుంది.

మీటరును నమ్మడం ఇక్కడ రెండో పొరపాటు. అరకొక ఫ్లోటు ఉంటుంది, మీటరు ఆ రెండింటి లెక్కనూ కలిపి చూపుతుంది. 20 లీటర్లు ఉన్నట్టు కనిపించినా అందులో పంపు వైపు 4 లీటర్లే ఉండవచ్చు. ఈ తరహా కార్లలో చాలావాటికి స్కానర్‌లో కుడి, ఎడమ అంకెలు విడివిడిగా చూసే వీలుంది. పిట్‌లో ఆగిన వెంటనే వాటిని రాసుకోండి.

ఇక పెద్ద పంపు సంగతి. పంపు చుట్టూ ఉండే చిన్న బకెట్టులో అర లీటరు పెట్రోలు నిలుస్తుందనీ, ఇంజను నుంచి తిరిగి వచ్చే పెట్రోలు ఆ బకెట్టులో కాక బయట పడుతుందనీ అనుకుందాం. గంటకు 255 లీటర్లంటే సెకనుకు సుమారు 71 మిల్లీలీటర్లు, కాబట్టి బయటి నుంచి పెట్రోలు చేరకపోతే ఆ బకెట్టు 7 సెకన్లలో ఖాళీ అవుతుంది. గంటకు 130 లీటర్ల పంపు అయితే 14 సెకన్ల దాకా నెట్టుకొస్తుంది. బావిలో ఊట పెరగకుండా మోటారు హార్స్‌పవర్ పెంచితే బావి త్వరగా ఎండుతుందే తప్ప మడి తడవదు. పైగా 250 హార్స్‌పవర్ ఇంజను పూర్తి లోడులో తాగేది సుమారుగా గంటకు 80 లీటర్లే. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఇంకో 7 శాతం కలుపుకున్నా అంత పంపు మీకు అవసరం లేదు.

బరువు గురించి బెంగ పడకండి. 20 లీటర్ల పెట్రోలు 15 కిలోలు. ఆ 15 కిలోలు మిగుల్చుకోవడం కోసం పూర్తి లోడులో, టర్బో ఒత్తిడి ఉండగా గాలిలో పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలచబడనిస్తే, ఇంజను నాక్ అయి (మిశ్రమం అదుపు లేకుండా పేలి) పిస్టన్ అంచు కరగడానికి ఎంతోసేపు పట్టదు.

మూడో గేరు:

ఒక చిన్న మాట. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) పూర్తిగా ఆపకపోతే, మలుపు చివర అది శక్తిని కోసేసినప్పుడు కూడా సరిగ్గా ఇలాంటి కుదుపే వస్తుంది. మీకు పీడనం కోడ్ వచ్చింది కాబట్టి ఆ అవకాశం తక్కువే అయినా, పీడనాన్నీ పక్కకు లాగే బలాన్నీ ఒకే లాగ్‌లో నమోదు చేసి చూస్తే సందేహం తీరిపోతుంది. అలాగే పెట్రోలు నింపేటప్పుడు బంకు గన్ మొదటిసారి ఆగగానే చాలించండి. మూతి దాకా పోయిస్తే మలుపుల్లో ఆవిరి గొట్టం గుండా పెట్రోలు, ఆవిరిని మాత్రమే పట్టి ఉంచాల్సిన బొగ్గు డబ్బాలోకి పోతుంది, అది మరో తలనొప్పి.

పాత పిస్టన్:

సర్జ్ ట్యాంకు, అంటే అసలు ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య పెట్టే చిన్న ట్యాంకు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నా అనుభవం రాస్తున్నాను. ఒకటిన్నర లీటర్ల సర్జ్ ట్యాంకు పెట్టి, అసలు ట్యాంకులోని పంపు దానిని నింపేట్టు, రెండో పంపు దాని నుంచే ఇంజనుకు పంపేట్టు, మిగులు మళ్లీ దానిలోకే వచ్చేట్టు కడితే, పైన చెప్పిన గంటకు 80 లీటర్ల లెక్క ప్రకారం నిమిషం పాటు పూర్తి లోడు నిలుస్తుంది. అంతసేపు సాగే మలుపు ఎక్కడా ఉండదు. ఇది నిస్సందేహంగా బలమైన పరిష్కారం. కాని రోజూ ఇంటివాళ్లను కూర్చోబెట్టుకొని తిరిగే కారు డిక్కీలో పెట్రోలు డబ్బా పెట్టడానికి నాకైతే మనసొప్పదు. పెట్టేవారు దానికీ సీట్లకూ మధ్య లోహపు గోడ కట్టించి తీరాలి. ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు వస్తుందని, బీమా సంస్థ కూడా ప్రశ్నించవచ్చని గుర్తుంచుకోవాలి.

నేను మొదట పెట్రోలు అటూ ఇటూ దొర్లకుండా ట్యాంకులో స్పాంజి ఫోమ్ వేయించాను. ఆ పని చేసిన వర్క్‌షాపువారు పంపు దగ్గర మామూలు ఫ్యూయల్ ఇంజెక్షన్ గొట్టం బిగించారు. లోపల పెట్రోలు పారడానికి చేసిన గొట్టం వేరు, పెట్రోలులో మునిగి ఉండడానికి చేసినది వేరు. మునిగేదాని మీద 30ఆర్10 అని రాసి ఉంటుంది. నాకు వేసినది ఎనిమిది నెలలకు ఉబ్బి, వేలితో నొక్కితే నానిన అప్పడంలా మెత్తబడి, క్లిప్పు దగ్గర చీలింది. పీడనం అక్కడే కారిపోతుంటే నేను నెల రోజులు తప్పు మలుపుదని వెతికాను. ఫోమ్ కూడా కొన్నేళ్లకు పొడి రాలి పంపు జాలీని మూసేస్తుంది, కాబట్టి వేయించేవారు దానిని మధ్యమధ్య తీసి చూసుకోవాలి.

హోసూరురోడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. పంపు ఆర్డరు ఆపించాను. నిన్నటి ట్రాక్ డేకు శ్రీపెరుంబుదూరులో 40 లీటర్లకు పైగా ఉండేట్టు నింపుకొని వెళ్లాను. మొదటి రెండు సెషన్లలో కుదుపు రాలేదు. మూడో సెషన్ చివర ఒకసారి లీలగా తెలియగానే పిట్‌లోకి వచ్చి చూస్తే ఎడమ 17 లీటర్లు, కుడి 4 లీటర్లు ఉన్నాయి.

అంబత్తూరు లేత్:

ఇంజను ఆపకుండా పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి మళ్లీ చూశారా? ఐడ్లింగ్‌లో మిగులు ప్రవాహం ఎక్కువ కాబట్టి జెట్ పంపు బాగుంటే కుడి అంకె పెరగాలి.

హోసూరురోడ్డు:

మీరు చెప్పినట్టే ఈ ఉదయం అపార్ట్‌మెంట్ పార్కింగులో చూశాను. పది నిమిషాలకు కుడి వైపు అర లీటరు కూడా పెరగలేదు. మధ్యాహ్నం మెకానిక్ గారు వెనుక సీటు ఎత్తి ఎడమ అర మూత విప్పారు. జెట్ పంపు జాలీకి గోధుమ రంగు జిగురు అట్ట కట్టినట్టు పట్టుకొని ఉంది. అది శుభ్రం చేసి బిగించాక అదే పది నిమిషాల్లో కుడి వైపు 9 లీటర్లకు చేరింది. వచ్చే ట్రాక్ డేలో 30 లీటర్లతో మొదలుపెట్టి, సెషన్ సెషన్‌కూ రెండు అంకెలూ రాసి ఇక్కడ పెడతాను.