కిల్ట్ కుట్టించుకోవాలి: ఏ టార్టన్, ఎంత బరువు, ఏ మేజోళ్లు?

అబర్డీన్_శీను
ఆగస్టులో మా మేనేజర్ పెళ్లి, స్కాట్లండులో ఇన్వర్నెస్ దగ్గర. మగవాళ్లందరూ కిల్ట్‌లోనే, అంటే మోకాళ్ల దాకా కుచ్చిళ్లతో కట్టుకునే గళ్ల ఉన్ని బట్టలోనే వస్తారట. అద్దెకి తేవడం నాకిష్టం లేదు, ఎలాగూ ఇక్కడే ఉంటాం కాబట్టి సొంతంగా ఒకటి కుట్టించుకుందామని. ఏ టార్టన్ (గళ్ల నమూనా) వేసుకుంటే ఎవరూ నొచ్చుకోరు? బట్ట బరువు గజానికి 13 ఔన్సులా, 16 ఔన్సులా? మేజోళ్లు ఏ రంగు?

గోదారి_గ్లాస్గో
అవన్నీ తర్వాత తమ్ముడూ, ముందు నడుము కొలత చూసుకో. జీన్స్ సైజు అస్సలు చెప్పకు. కిల్ట్ బొడ్డు దగ్గర కడతారు, ప్యాంటు అంతకంటే బాగా కిందికి ఉంటుంది. మావారికి ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ చేశాం, వాళ్ల ఫారంలో "వెయిస్ట్" అని ఒక్క ముక్క తప్ప ఎక్కడ కొలవాలో లేదు. తీరా వచ్చాక బకిల్ ఆఖరి రంధ్రానికి కూడా అందలేదు. తిరిగి తీసుకోమంటే, కొలతకి కుట్టినవాటికి 14 రోజుల వాపసు వర్తించదండీ అని తీయగా చెప్పారు. ఇప్పటికీ నాకు మండుతూనే ఉంది.

పైప్_బాబాయ్
ఆన్‌లైన్‌లో కొంటే అలాగే ఉంటుంది. నేను ఇక్కడి బ్యాగ్‌పైపుల బ్యాండులో ఏళ్ల తరబడి డ్రమ్ము వాయించినవాణ్ణి, ఎన్ని కిల్టులు చూసుంటానో లెక్కలేదు. రాసిపెట్టుకో: 16 ఔన్సులు, ఎనిమిది గజాలు, చేతికుట్టు. అంతకి తగ్గితే అది కిల్టు కాదు, లంగా.

సూది_దారం
బాబాయ్ గారూ, ఎనిమిది గజాలన్నది సింగిల్ వెడల్పు లెక్క. ఇప్పుడు మిల్లు నుంచి బట్ట డబుల్ వెడల్పులో వస్తుంది, నాలుగు గజాలు తీసుకుని నిలువునా రెండుగా చీల్చి కలిపి కుడతాం. అదీ అందరికీ ఒకటే కాదు, తుంటి కొలతనిబట్టి, గళ్ల నమూనా ఎంత పెద్దదన్నదాన్నిబట్టి మారుతుంది. సన్నటి కుర్రాడికి ఎనిమిది గజాలు పెడితే కుచ్చిళ్లు ఒకదాని మీద ఒకటి పడి వెనక దిండు కట్టినట్టుంటుంది.

పైప్_బాబాయ్
సంప్రదాయం అంటూ ఒకటి ఉంటుందమ్మా.

సూది_దారం
ఏ సంప్రదాయం? 1790లలో హైలాండ్ (స్కాట్లండు ఉత్తరాన కొండ ప్రాంతం) సైనికులకి కుట్టిన కిల్టులకి పట్టింది సుమారు నాలుగు గజాలే, కుచ్చిళ్లు కూడా వేరే రకం. ఎనిమిది గజాలు తర్వాత వచ్చింది.

పైప్_బాబాయ్
వేసుకుని వానలో రెండు మైళ్లు కవాతు చేసినవాడికి తెలుస్తుంది బరువెందుకో. మిషను ముందు కూర్చున్నవాళ్లకి ఏం తెలుస్తుంది?

సూది_దారం
మిషను ఎవరు వాడారండీ? చేతికుట్టే.

కరీంనగర్_చిన్నోడు
ఎనిమిది గజాలకే ఇంత లొల్లా 😂 మా నాయనమ్మ తొమ్మిది గజాల చీర గోచీ పెట్టి కట్టి పొలంల నాట్లేసేది.

హైలాండ్_హరి
అసలు ప్రశ్న టార్టన్ గురించి కదా. శీను గారూ, మీది కాని వంశం టార్టన్ వేసుకోకండి, మర్యాద కాదు.

లీత్_లక్ష్మి
ఈ మాట ఎవరు చెప్పారు హరి గారూ? ఫలానా గళ్లు ఫలానా వంశానికే అన్న పట్టింపు బాగా పెరిగింది 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ చేసిన హడావిడితో. అంతకుముందు 1746 చట్టంతో హైలాండ్ దుస్తుల్నే నిషేధించారు, 1782 దాకా. వేసుకోకూడదని ఇప్పుడు ఏ చట్టమూ లేదు. రాజకుటుంబానికే పరిమితమైన బాల్మోరల్ టార్టన్ జోలికి పోకుంటే చాలు. బ్లాక్ వాచ్ అనే టార్టన్ ఎవరైనా వేసుకోవచ్చు. 2009 నుంచి ప్రభుత్వ టార్టన్ రిజిస్టర్ ఉంది, ఆన్‌లైన్‌లో చూడండి, ఊళ్ల పేరుతో, జిల్లాల పేరుతో కూడా ఉన్నాయి. అబర్డీన్‌లో ఉంటూ అబర్డీన్ జిల్లా టార్టన్ వేసుకుంటే ఎవరు కాదంటారు?

హైలాండ్_హరి
చట్టం గురించి నేను మాట్లాడలేదు, మర్యాద అన్నాను. మా ఆఫీసులో ముసలాయన ఒకరు దీని మీద మొహం మాడ్చుకోవడం కళ్లారా చూశాను.

లీత్_లక్ష్మి
ఒక ముసలాయన మొహం మాడిస్తే అది దేశాచారం అయిపోదు.

బెజవాడ_బుల్లోడు
అన్నలూ అక్కలూ, నాదింకో టెన్షన్. అమ్మాయిది స్కాట్లండులోని పెర్త్, పెళ్లి అక్కడ, రిసెప్షన్ విజయవాడలో, అదీ మే నెలలో. మామగారు ముచ్చటపడి కిల్ట్ కుట్టిస్తానంటున్నారు. 16 ఔన్సుల ఉన్ని వేసుకుంటే స్టేజీ మీదే పడిపోతానేమో.

సూది_దారం
10, 11 ఔన్సుల్లో తీసుకోండి. కుచ్చిళ్లు అంత నిండుగా వేలాడవు, నలుగుతాయి కూడా, కానీ ప్రాణం ముఖ్యం. మధ్యస్థంగా కావాలంటే 13, ఏసీ హాలు అయితేనే.

పైప్_బాబాయ్
మే నెలలో బెజవాడలో పంచె కట్టుకో నాయనా.

కరీంనగర్_చిన్నోడు
బాబాయ్ మొత్తానికి ఒక మంచి మాట చెప్పిండు.

గోదారి_గ్లాస్గో
బుల్లోడూ, మేజోట్లో పెట్టుకునే చిన్న బాకు, స్కీన్ డూ అంటారు, దాన్ని విమానంలో చేతిసంచిలో పెట్టకు, చెక్-ఇన్ లగేజీలో వెయ్యి. స్కాట్లండులో సంప్రదాయ దుస్తులతో పెట్టుకుంటే చట్టం ఊరుకుంటుంది గానీ ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ ఊరుకోదు.

అబర్డీన్_శీను
అందరికీ థాంక్స్. అబర్డీన్ టార్టన్ ఐడియా నచ్చింది, లక్ష్మి గారూ. పొడవు ఎలా కొలవాలి? పిన్ను ఎక్కడ పెట్టాలి?

సూది_దారం
మోకాళ్ల మీద కూర్చుని వేరేవాళ్లతో కొలిపించుకోండి, అంచు నేలకి తగలకుండా కాస్త పైన ఆగాలి. ముందువైపు ఒకదాని మీద ఒకటి పడే రెండు చదును భాగాల్ని పల్లలంటాం; పిన్ను పై పల్లకే, కుడివైపు కింద. రెండు పల్లలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది. ఆర్డర్ ఇప్పుడే ఇచ్చేయండి, చేతికుట్టుకి వారాలు పడుతుంది. వచ్చాక కుచ్చిళ్ల మీద తెల్లదారంతో కచ్చా కుట్టు ఉంటుంది, నలగకుండా వేసి పంపుతాం, వేసుకునే ముందు అది విప్పేయాలి. పోయినేడాది ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తమ్ముడు ఆ తెల్లకుట్లతోనే ఫొటోలన్నీ దిగాడు, డిజైన్ అనుకున్నాడట.

పైప్_బాబాయ్
మిషను కుట్టు అయ్యుంటుంది.

సూది_దారం
మీకో దండం బాబాయ్ గారూ.