బెల్టు షాపులపై గ్రామసభ తీర్మానం: సర్పంచ్ జరిమానా వేయొచ్చా?

మానేరు:
తెలంగాణ ఊర్లల్ల ఒకటే తీరు ఫ్లెక్సీలు కనబడుతున్నయ్. "మద్యం అమ్మితే 50 వేలు జరిమానా, పట్టిచ్చినోళ్లకు బహుమతి." గ్రామసభల తీర్మానం చేసి కింద సంతకాలు పెడుతున్నరు. ఇది సర్పంచ్ చేయాల్సిన పనేనా, కాదా అన్నదే చర్చ. నేనైతే చేయాల్సిందే అంట.

బెల్టు షాపుతోని అసలు నష్టం ధర కాదు, ఉద్దెర. లైసెన్సు ఉన్న వైన్స్‌ల పైసలు పెడితేనే సీసా చేతికొస్తది. బెల్టు షాపుల పొద్దుగాల ఆరింటికే ఖాతా రాసుకొని ఇస్తరు, కూలి పైసలు ఇల్లు చేరకముందే ఆ ఖాతాకు పోతయ్. క్వార్టర్ మీద 20 రూపాయలు ఎక్కువ తీసుకుంటరనుకున్నా, రోజుకొకటి తాగే ఇంట్ల ఏడాదికి 7,300 ఉత్త పుణ్యానికి పోయినట్టే. గిది ఆపనీకి సర్పంచ్ కాకపోతే ఇంకెవరున్నరు?

లా_పాయింట్:
మానేరు గారూ, ఉద్దేశంతో పేచీ లేదు. 50 వేల దగ్గరే పేచీ. రోడ్డు మీద చెత్త వేస్తే జరిమానా వేసే అధికారం 2018 పంచాయతీరాజ్ చట్టం ఇచ్చింది. మద్యం మాత్రం ఎక్సైజ్ చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా అమ్మితే 34వ సెక్షన్ కింద కేసు కట్టాల్సింది ఎక్సైజ్ వాళ్లో పోలీసులో. తీర్మానంలో ఎంత రాసినా ఆ 50 వేలు వసూలు చేసే దారి పంచాయతీకి లేదు. వసూలు చేశారే అనుకుందాం, ఏ పద్దులో జమ చేస్తారు? రసీదు ఎవరిస్తారు? చెల్లించినవాడు రేపు బలవంతపు వసూలని ఫిర్యాదు ఇస్తే సంతకం పెట్టిన సర్పంచే ముద్దాయి. కట్టనివాడికి కిరాణం ఇవ్వొద్దు, ట్రాక్టర్ పంపొద్దు అంటే అది సాంఘిక బహిష్కరణ, ఇంకో కేసు.

ఏజెన్సీ ప్రాంతం సంగతి వేరు. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభ దాకా తెచ్చింది. ఉట్నూరులోనో పాడేరులోనో గ్రామసభ తీర్మానానికి ఉండే బరువు మైదానం ఊళ్లలో ఉండదు.

పినాకిని:
మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల చేతిలో ఏ పదవీ లేదు సార్. 1992లో వాళ్లు సారా కొట్టు ముందు కూర్చున్నారు, అంతే. ఉద్యమం జిల్లా అంతా పాకేసరికి సారా వేలంపాటలే ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చట్టంలో పేజీలు తిప్పుతూ కూర్చుని ఉంటే అది వచ్చేదా?

లా_పాయింట్:
అమ్మా, మంచి ఉదాహరణే తెచ్చారు. వాళ్లు దెబ్బకొట్టింది వేలంపాటను, అంటే ప్రభుత్వానికి డబ్బొచ్చే చోటును. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు కదా, అక్కడ దెబ్బతిన్నదీ ఖజానా దగ్గరే. ఇవాళ బెల్టు షాపుకు డబ్బు ఎక్కడ తిరుగుతోందో చూడండి. నిజామాబాద్ వైపు కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలే బెల్టు షాపు వేలం పెడతాయి. ఎక్కువ పాడినవాడికి ఊళ్లో అమ్ముకునే హక్కు, ఆ డబ్బుతో గుడి పనులు. చట్టం ముందు అసలు లేని షాపుకు వేలం! అక్కడ సర్పంచ్ ఫ్లెక్సీ కడితే ఏమవుతుంది? ముందు కమిటీతో తేల్చుకోవాలి.

ఎర్రమట్టి:
మరి ఏం చేయాలో కూడా చెప్పండన్నా. ఎక్సైజ్ పనితీరు తెలిసినవాడిగా నా వంతు చెప్తా.

తీర్మానంలో జరిమానా తీసేసి, "ఫలానా వార్డులో లైసెన్సు లేని అమ్మకం జరుగుతోంది, చర్య తీసుకోవాలి" అని రాయండి. పంచాయతీ కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి, సంతకాలూ వేలిముద్రలూ అందులోనే ఉండాలి. విడి కాగితం మీద తీసుకున్నవి ఆనక పనికిరావు. నకలు ఎక్సైజ్ స్టేషన్‌కి, పోలీస్ స్టేషన్‌కి, తహసీల్దారుకి ఇచ్చి మూడు చోట్లా ముద్ర వేయించుకోండి. తహసీల్దారు దేనికంటే, బైండోవర్, అంటే మళ్లీ అమ్మనని పూచీకత్తు రాయించుకోవడం, ఆయన ముందే జరుగుతుంది. పాత సీఆర్పీసీ అలవాటుకొద్దీ సెక్షన్ 110 అంటారు గానీ, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 129. పూచీకత్తు రాసిచ్చి మళ్లీ అమ్మితే ఆ మొత్తం పోతుంది, లోపలికీ పోవచ్చు. తీర్మానంలోని 50 వేలకు లేని పట్టు దీనికుంది.

ఊరంతా పోయి సీసాలు పగలగొట్టడం మాత్రం వద్దు. ఫొటోలో బాగుంటుంది, సాక్ష్యం రోడ్డు పాలవుతుంది. మూత మీది హోలోగ్రామ్ స్టిక్కర్ చిరగకుండా సీసా దొరికితే, బార్‌కోడ్‌ను బట్టి ప్రభుత్వ మద్యం డిపో ఆ సరుకు ఏ వైన్స్‌కు పంపిందో లాగొచ్చు. కిరాణం ముసలావిడ మీద కేసు కట్టి మమ అనిపించడం కాదు, ఆమెకు పెట్టెలు పంపినవాడి దాకా వెళ్లాలి. అందుకే పంచనామాలో ఆ నంబర్లు రాశారో లేదో అక్కడే చదివించుకోండి. కేసులు వీగిపోయేది ఎక్కువగా పంచ సాక్షుల దగ్గర. అదే వీధివాళ్లను పెడితే కోర్టులో "నాకు తెల్వదు" అంటారు. వాళ్ల తప్పు కూడా కాదు, రోజూ ఆ ఇంటి ముందు నుంచే నడవాలి కదా.

సబ్‌సెంటర్:
షాపు మూసిన మర్నాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లకు ఒక్కసారిగా మందు ఆగితే తొలి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు, నాలుగో రోజు మధ్య లేనివి కనబడి, మనుషుల్ని గుర్తుపట్టక ప్రాణం మీదికి వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు వరుస కట్టింది ఇలాంటివాళ్లే. కల్తీ కల్లు ఊళ్లలో ఇంకా జాగ్రత్త. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. అది ఆగినా ఫిట్సే.

కాబట్టి తేదీ ప్రకటించే ముందే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కలిసి పొద్దున్నే తాగితేగానీ వణుకు ఆగనివాళ్ల జాబితా రాసుకోవాలి, రహస్యంగా. వాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు ముందే చూపించాలి. మందులు ఆయన చూసి ఇవ్వాల్సినవి, ఇంట్లో నిద్రమాత్రతో తేలేది కాదు. థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కించే ఆర్‌ఎంపీల దగ్గరికి పోవద్దని ఇంటివాళ్లకు చెప్పాలి. 14416 టెలీమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, రెండూ ఉచితం.

పినాకిని:
ఇది నేను ఆలోచించలేదమ్మా. అయితే మాకున్న అసలు భయం వేరే. ఊళ్లో మూస్తే మగవాళ్లు పక్క ఊరి వైన్స్‌కి బండి మీద పోయి, చీకట్లో తాగి నడుపుకుంటూ వస్తారు. ఆ లెక్క ఏ తీర్మానంలో ఉంది?

ఎర్రమట్టి:
లేదక్కా, కాదనను. చుట్టుపక్కల నాలుగైదు పంచాయతీలు ఒకే వారంలో తీర్మానం ఇస్తే కొంత తగ్గుతుంది. ఉద్దెర తెగడం వల్ల కొంత. మొత్తం ఆగదు.

మానేరు:
లా_పాయింట్ అన్నా, జరిమానా మాట వాపస్ తీసుకుంటున్న. ఫ్లెక్సీ మాత్రం ఉండాలె. 50 వేలు తీసి, తీర్మానం నంబరు, తేదీ, ఎక్సైజ్ స్టేషన్ నంబరు, కింద 14446 రాస్తే ఏమన్న ఇబ్బందా?

లా_పాయింట్:
ఏమీ లేదు. అమ్మేవాళ్ల పేర్లు మాత్రం ఫ్లెక్సీ మీద వేయకండి, పరువు నష్టం కేసు పడుతుంది. పేర్లు ఎక్సైజ్ స్టేషన్‌కిచ్చే ఫిర్యాదులో రాయండి.